బాయి మాటకు రెండో తోవ

బెల్లంపల్లి,
మంగళవారం

సారక్కకు,

గట్టయ్య రాసేది. ఇక్కడ నేను, పెరట్లో జామచెట్టు, నువ్వు పోయినప్పటి నుంచి నా మీద అలిగి తిరుగుతున్న పిల్లి, అందరం బాగనే ఉన్నం. చంద్రపూర్‌లో నువ్వు, మన బిడ్డ నిఖిత, అల్లుడు సాగర్, పసిపిల్లగాడు బాగున్నరని నీ ఉత్తరం చూసి తెలుసుకున్న. సంతోషం. నీకు ఫోన్లో మాట వినపడక మనం మళ్లీ ఉత్తరాలకు రావడం నాకు ఒక తీరుగ మంచిదే అయింది. ఫోన్లో అయితే "ఆఁ? ఆఁ?" అనుకుంట నా మాటను నడుమనే తెంపుతవు. కాయితం మీద చివరిదాకా వినక తప్పదు.

నువ్వు అడిగినవాటికి జవాబులు. బీపీ గోళీ మరవకుండ వేసుకుంటున్న. కూర రోజూ వండుకుంటలేను, పచ్చిపులుసుతో గడుస్తున్నది. పక్కింటి జ్యోతిరాణి జొన్నరొట్టెలు పంపుతున్నది, నేను వద్దనలేదు. మోటరు బాగు చేయించిన. పిల్లగాని పేరు మీద నా అభిప్రాయం అడిగినవు. సాగర్ వాళ్ల అమ్మ చెప్పిన పేరు సగం పలికేసరికి పిల్లగాడు బడి దాకా నడిచి పోతడు. అయినా వాళ్ల ఇష్టం. నేను మాత్రం చిన్నోడా అని పిలుస్త.

ఇక కరుణాకర్‌తో మాట్లాడినవా అని ఈ ఉత్తరంలో కూడ అడిగినవు. ఆ ముచ్చటకు తర్వాత వస్త. ముందు బాయి మాట సంగతి చెప్పాలె.

అదేందని మన వియ్యపురాలు అడుగుతున్నదని రాసినవు. ఆమెకు ఇది చదివి చెప్పు. నువ్వూ నేనూ ఇల్లిల్లు తిరిగి బొగ్గుబాయి మనుషుల మాటలు పోగు చేసినం. బాయిల పని చేసిన తెలుగోళ్లు, ఉత్తరాదోళ్లు, మరాఠోళ్లు, గోండ్లు కలిసి కట్టుకున్న మాటలు అవి. నిఖిత వాటిని ఇంటర్‌నెట్టులో పెట్టింది. ఒక మాట మీద నొక్కితే దాని అర్థం కనపడుతది, ఆ మాట చెప్పిన మనిషి గొంతు వినపడుతది. చెప్పినోళ్లలో చాలా మంది ఇప్పుడు లేరు. గొంతులు ఉన్నయి. వరంగల్ నుంచి వచ్చిన ఒక ప్రొఫెసర్ మన చాయ తాగి, "ఇవన్నీ చెడిపోయిన ఇంగ్లీషు ముక్కలండీ, భాష కాదు" అని పోయిండు. తర్వాత తన వ్యాసంలో మన మాటలే మన పేరు లేకుండ అచ్చేసుకున్నడు. చెడిపోయిన సరుకును దొంగిలించేటోన్ని ఏమనాలె? వియ్యపురాలిని అడుగు, మరాఠీలో మంచి మాట ఏదన్న ఉంటే రాయి.

నువ్వు పోయిన వారానికే, నేను బాయిల సర్దార్‌గ ఉన్నప్పుడు బొగ్గు టబ్బులు గుంజే హాలేజీ పని చేసినాయన ఒకడు చెన్నూరు నుంచి ఫోన్ చేసిండు. "సర్దార్ సాబ్, సపోర్టు అనే మాట మీద నొక్కితే రమ్మీ ఆడుమంటున్నది. గిదేం డిక్షనరీ?" అన్నడు. నేను కూడ నొక్కి చూసిన. బాయి కప్పు కూలకుండ పెట్టే మొద్దు బొమ్మ ఉండే కాడ, పేకముక్కలు పట్టుకొని ఒక పోరి నవ్వుతున్నది. ఎవడో మన మిషన్లోకి దూరిండు.

ఆ మిషన్ ఎక్కడున్నదో నీకు తెలుసు. రిటైర్డు కార్మికుల సంఘం ఆఫీసులో, మూలకు బల్ల మీద. ఇంటర్‌నెట్టు లైను సంఘానిది. సంఘానికి కార్యదర్శి కరుణాకర్. నేను పోయేసరికి నోటీసు బోర్డు మీద కాయితం అతికించి ఉన్నది, మూలకున్న కంప్యూటర్ నెలాఖరులోపు బాగు కాకపోతే తీసేయబడును అని. కింద సంతకం, సంతకం కింద గీత, గీత కింద చుక్కలు. ఆయనకు అధికారం దొరికిన కాడ చుక్కలు ఎక్కువైతయి.

ఆయన, నేను మే డే నుంచి ఆఫీసులో చాయ ఇచ్చే రాజయ్య నోటితోనే మాట్లాడుకుంటున్నం కదా. ఆ దినం కూడ అంతే. రాజయ్య చాయ తెచ్చి మా నడుమ నిలబడ్డడు.

"రాజయ్యా, గా పెట్టెల నుంచి జూదం బయటికి పోతున్నదట. లైను ఇచ్చేటోళ్లు మనకు రాసిండ్రు. టైముకు బాగు కాకపోతె వైరు పీకుత అని చెప్పు," అన్నడు కరుణాకర్, కిటికీ దిక్కు చూసుకుంట.

"రాజయ్యా, పీకుడు ఎవలకైన వస్తది, కట్టేటోళ్లకు జర టైము కావాలెనని చెప్పు," అన్న నేను.

రాజయ్య గ్లాసులు బల్ల మీద పెట్టిండు. "మీకు ఒగల మొఖం ఒగలకు కానస్తలేదా? ఇద్దరు నా చెవులల్లనే మొత్తుకుంటున్నరు. సారక్కకు చెవులు పోయింది బొగ్గు జల్లించే స్క్రీనింగ్ ప్లాంటు మోతతోని, నాకు మీతోని పోతయి."

మే డే నాడు ఆయన మైకులో ఏమన్నడో నేను మరవలేదు. "బాయిలు మూతపడుతున్నయి, మాటలు ఎవనికి కావాలె? గట్టయ్య సాబ్ పీనుగలకు పలక పట్టి అక్షరాలు దిద్దిస్తున్నడు" అన్నడు. జనం నవ్విండ్రు. నవ్విన వాళ్లలో మన మాటలు చెప్పినోళ్ల కొడుకులు కూడ ఉన్నరు. అది నన్ను అన్నట్టు కాదు. నిన్ను అన్నట్టు. ఎండలో వాళ్లకు కూర గిన్నె చేతపట్టుకొని ముసలమ్మల గడపల్లో కూసున్నది నువ్వు.

నువ్వు పోయేటప్పుడు "మిషన్ జోలికి పోకు, నిఖిత వచ్చినంక చూస్తది" అన్నవు. బాలింతకు ఈ పని చెప్పే మనిషిని కాను. నెలాఖరు దాకా ఆగే పనీ కాదు. పుస్తకాలు తెచ్చుకున్న, చదివిన. నాకు అర్థమైన తీరు చెప్త.

మన పెట్టెలో ఉన్నది లినక్స్. దాని మీద అపాచీ అని వెబ్ సర్వర్ ఉన్నది. దాన్ని బాయి మీద దిగేటోళ్లకు దీపాలు ఇచ్చే ల్యాంపు రూము మనిషి అనుకో. కిటికీ కాడికి ఎవరో వచ్చి ఒక మాట అడుగుతరు, అతడు లోపలికి పోయి తెచ్చి ఇస్తడు. మన ల్యాంపు రూము మనిషి ముసలోడు అయిండు. కొత్త దొంగల ఎత్తులు అతనికి ఎవరూ నేర్పలేదు. సరే, అతని తావున కొత్త మనిషిని పెడుదామంటే లినక్స్ కూడ అంతే పాతది. దానికి కొత్త సామాను పంపే దుకాణం ఎన్నడో మూసిండ్రు. ఎంత అడిగినా దొరకలేదనే జవాబు. పైగా ఇంట్లో దొంగ పడ్డంక ఒక్క తాళం మార్చి పండుకోలేం. వాడు ఏ మూలకు ఏం దాచి పోయిండో తెలియదు. అందుకని ఉన్నదాని మీద అతుకులు వేయొద్దు, పక్కన ఇంకో కంప్యూటర్ మీద కొత్త లినక్స్, కొత్త సర్వర్ పెట్టాలె, అక్కడ నడిపి చూడాలె, తర్వాత మార్చాలె అని నిర్ణయం చేసిన.

ఇది నాకు పుస్తకం చెప్పిన దానికన్నా బాయి చెప్పిందే ఎక్కువ. సర్దార్ పని ఏంది? షిఫ్టు దిగకముందే పోయి కట్టెతో కప్పును కొట్టి చప్పుడు వినుడు. తర్వాత రెండో తోవ చూసుడు. బయటికి వచ్చే తోవ ఒక్కటే ఉన్న కాడికి నేను ఎన్నడూ మనిషిని దింపలేదు. పని అయినంక, దిగేటప్పుడు మనిషికొకటి ఇచ్చిన నంబరు బిళ్లలు సరి చూసుడు. దిగిన బిళ్లలు, ఎక్కిన బిళ్లలు సమానం కావాలె. అంతే. పెద్ద పెద్ద చదువులోళ్లు దీనికి ఇంగ్లీషులో లావు పుస్తకాలు రాసిండ్రు.

ముందు మాటలు, గొంతులు అన్నీ రెండు డిస్కుల మీదికి ఎక్కించిన. ఒకటి సంఘం బీరువాలో ఉన్నది, ఇంకోటి మన ఇంట్లో నీ పట్టుచీరె మడతల్లో. వచ్చినంక చీరె దులుపేవు, భద్రం.

రెండో కంప్యూటర్ ఒకటి దొరికింది. ఎక్కడిది అని ఇప్పుడే అడగకు. దాని సొంత డిస్కు తీసి పక్కన పెట్టి, ఖాళీ డిస్కు వేసి, దాని మీద అన్నీ కొత్తగ పెట్టిన. పాతదాని నుంచి మాటలు, గొంతులు మాత్రమే తెచ్చిన, ఒక్క ప్రోగ్రాం కూడ తేలేదు. తాళం మాటలు, అదే పాస్‌వర్డులు, అన్నీ కొత్తవి. నడిపే ముందు, మనం రాసిన నియమాలు సరిగ్గ ఉన్నయా అని సర్వర్‌నే అడిగే తీరు ఒకటి ఉన్నది. కప్పును కట్టెతో కొట్టినట్టే. కొట్టిన. సరే అన్నది. నడిపించిన. మాటలు ముత్యాల లెక్క వచ్చినయి. గొంతులు రాలేదు! ఏ మాట నొక్కినా ఒకటే జవాబు, నీకు అనుమతి లేదు అని.

సారక్కా, ఎంత కోపమొచ్చిందంటే చెప్పలేను. నా ఇంట్లో నాకు అనుమతి లేదంటడా! రెండు దినాలు దానితో మాట్లాడలేదు. మళ్లీ పుస్తకం తీసిన. సంగతి చిన్నది. నిఖిత గొంతులను వేరే గదిలో పెట్టింది. పాత సర్వర్‌కు ఆ గది గడప మీద ఎవరిని ఆపాలె, ఎవరిని రానియ్యాలె అని పాత పద్ధతిలో రాసి ఉన్నది. కొత్త సర్వర్‌కు ఆ రాత పనికి రాదని చదివి నేను కొట్టేసిన. కొట్టేసిన కాడ కొత్త రాత రాయలేదు. ఏమీ రాయకపోతే అది ఎవరినీ రానియ్యదు. మంచి కావలి మనిషి అట్లనే ఉండాలె. అందరికీ అనుమతి అని ఒక్క వరుస రాసిన. మొదట వినపడ్డది నీ గొంతే. "తట్ట అంటె..." అని దగ్గినవు. ఆ దగ్గును తీసేద్దామని నిఖిత అన్నప్పుడు నేనే వద్దన్న. మంచిదైంది.

అదే నేరుగా పాత పెట్టె మీద చేసి ఉంటే షార్జాలో, సింగపూర్‌లో ఉన్న మన బాయోళ్ల పిల్లలందరికీ ఆ రెండు దినాలు గొంతులు బంద్. అందుకే పక్కన పెట్టి చూడాలె అనేది.

ఇప్పుడు చెప్త. నిఖిత పక్కన కూసొని చూస్తుంటే ఆమెను అవతలికి పంపు, నువ్వే కూడబలుక్కొని చదువు.

ఆ కంప్యూటర్ కరుణాకర్‌ది.

ఇంకెక్కడా దొరకలేదు. జ్యోతిరాణి కొడుకుది హైదరాబాదుకు పోయింది. సంఘంలో మంచిది ఒక్కటే, ఆయన బల్ల మీద ఉన్నది. నేను పోయిన దినం రాజయ్య లేడు, చొప్పదండిలో బిడ్డ ఇంటికి పోయిండు. నడుమ మనిషి లేక ఇద్దరం చాలాసేపు గోడలు చూసినం.

"నీ కంప్యూటర్ కావాలె. వారం దినాలు," అన్న.

"ఎవలతోని మాట్లాడుతున్నవు?"

"నీతోనే."

"రాజయ్యను రానీ."

"రాజయ్య వచ్చేసరికి నెలాఖరు అయితది. నీ వైరు పీకే ముహూర్తం దాటిపోతది," అన్న.

ఆయన నవ్వు ఆపుకోబోయి దగ్గిండు. "నా డిస్కు జాగ్రత్త. పింఛన్ల కాయితాలన్నీ అందులనే ఉన్నయి. ఒక్కటి పోయినా నిన్ను గా బొగ్గుకుప్పల బొంద పెడుత," అన్నడు. కంప్యూటర్ నాకిచ్చినంక ఆయనకు పని లేకుండ పోయింది. కుర్చీ తెచ్చుకొని నా వెనుక కూసొని వారమంతా నా పని మీద వ్యాఖ్యానం చెప్పిండు.

ఇక ఒక తప్పు జరిగింది. అది విని నువ్వు నవ్వుతవు, నవ్వు. బాయి లోపలికి గాలి తోలే ఫ్యాన్‌ను ఆపొద్దు. నా రక్తంలో ఉన్న మాట అది. అందుకని పాత పెట్టెను ఆపకుండనే కొత్తదానికి కూడ అదే చిరునామా ఇచ్చి లైనుకు కలిపిన. కొత్తది అందుకున్నంక పాతది ఆపుదామనుకున్న. కాని ఒక్క చిరునామాకు ఇద్దరు పలికితే ఉత్తరం ఎవరికి పోవాలె? ఒకసారి ఈ ఇంటికి, ఒకసారి ఆ ఇంటికి. నేను చూస్తుంటే ఒకసారి మాట వచ్చింది, ఒకసారి రమ్మీ పోరి వచ్చింది, ఒకసారి ఏదీ రాలేదు. సంఘం లైను మొత్తం తూలింది.

కరుణాకర్ నవ్విన నవ్వుకు పెట్టుడు పళ్లు కదిలినయి. ఆయన ఫ్యాన్ హౌసులోనే రిటైరు అయిండు కదా.

"సర్దార్వు గద నువ్వు! ఒక్క గాలితోవకు రెండు ఫ్యాన్లు కలిపి పెడుతరా? ఇది తోసిన గాలి అది గుంజుతది. మనం ఎట్ల మార్చినం? మనుషులను పైకి తీసినంక ఒకటి ఆపి, తలుపు మార్చి, ఇంకోటి పెట్టలేదా?"

నిజమే. నిజమైనందుకు ఇంకా కోపమొచ్చింది. "మనుషులెక్కడున్నరు ఇందులో?" అన్న.

"గొంతులు లేవా?" అన్నడు.

మే డే నాడు పీనుగలు అన్న నోటితోనే అన్నడు. "ఈ పూట మరమ్మతు ఉన్నది, సాయంత్రం రండి" అని సైటు మీద రాసి పెట్టి, పాతదాన్ని ఆపి, వైరు తీసి, కొత్తదాన్ని కలిపిన. పాత డిస్కును చెరిపెయ్యలేదు. ఏదన్న తేడా వస్తే వెనుకకు పోయే తోవ ఉండాలె కదా. వైరు లేకుండ బీరువాలో తాళం వేసి పెట్టిన.

అప్పుడు బిళ్లలు సరి చూసే పని. మాటల పట్టీ ఆయన చేతిలో పెట్టిన. ఆయన చదవాలె, నేను నొక్కాలె, గొంతు వస్తే ఆయన టిక్కు పెట్టాలె.

"కప్పు," అన్నడు. నొక్కిన. "వచ్చింది."

"బిళ్ల." "వచ్చింది."

"టబ్బు." "వచ్చింది. ఎవరిదిది, పోశన్న గొంతు గదా?"

"చదువు, చదువు," అన్న.

"కూత," అన్నడు.

అది ఎవరి గొంతో నాకు తెలుసు. నీకూ తెలుసు. కిష్టవ్వది, ఆయన తల్లిది. ఆయనకు తెలియదు, ఎందుకంటే ఆయన మన సైటును ఒక్కసారి కూడ తెరిచి చూడలేదు. నేను నొక్కిన.

"కూత అంటె ఏందా? సైరన్, సారక్కా. ఫస్టు షిఫ్టు కూత పెట్టిందంటె నేను ముందుగాల పిల్లగాన్ని లేపుతుంటి. లెవ్వురా కర్ణా, కూతైంది, బాపు పోతుండు, జర మొఖం జూడు బిడ్డా అని. వీడు లెవ్వకపోతుండె. దుప్పటి గుంజుకుంటుండె."

వెనుక నీ నవ్వు కూడ ఉన్నది.

కరుణాకర్ పెన్సిల్ కాయితం మీదనే ఆగింది. కిటికీ అవతల, చొప్పదండి నుంచి అప్పుడే వచ్చిన రాజయ్య ఎవరితోనో కొట్లాడుతున్నడు.

"ఎప్పటిదిది?" అన్నడు.

"సారక్క రికార్డు చేసింది. మీ అవ్వ పోయిన దానికి ముందటేడు."

"నాకు చెప్పలే."

"నువ్వు అడగలే. మైకు పట్టుకున్నవు గద."

"ఇంకొక్కసారి పెట్టు," అన్నడు. పెట్టిన. కండ్లజోడు తీసి చొక్కాతో తుడుచుకున్నడు. మళ్లీ పెట్టుకున్నడు. పెన్సిల్ తీసుకొని, "వచ్చింది," అని టిక్కు పెట్టిండు. "తర్వాతది చదవాల్నా?"

అన్నీ చూసినం. దిగిన బిళ్లలు ఎక్కిన బిళ్లలు సమానం. సపోర్టు మీద నొక్కితే మొద్దు బొమ్మనే వచ్చింది. ఆ పోరిని మళ్లీ చూడలేదు. కొత్తది ఆయన పెట్టెలో వంక లేకుండ నడిచినంక, ఆ డిస్కును మన పెట్టెలోకి మార్చి, ఆయన డిస్కును ఆయనకు పెట్టి ఇచ్చిన. పింఛన్ల కాయితాలు ఒక్కటి పోలేదు. లైను ఇచ్చేటోళ్లు కూడ సరే అని రాసిండ్రు. ముందు ఎంత గట్టిగ రాసిండ్రో ఇప్పుడు అంత మెత్తగ.

ఇక అసలు నీకు చెప్పకుండ చేసిన పని. సర్వర్ తాళం ఇన్నాళ్లు నా ఒక్కని తలలో ఉన్నది. నిఖితకు పాతది తెలుసు, కొత్తది తెలియదు. ఆమెకు పసిపిల్లగాడు ఉన్నడు. నేను ఎవరినీ నమ్మని మనిషినని నువ్వే అంటవు, నిజమే, నమ్మదగినోళ్లు నాకు ఎక్కువగ తగలలేదు. కాని పట్టీ మీద చివరి టిక్కు పడ్డంక నాకు ఒక సంగతి తట్టింది. మిషన్‌కు రెండో డిస్కు పెట్టిన, వెనుకకు తోవ పెట్టిన. దాన్ని చూసుకునే మనిషికి మాత్రం రెండో మనిషిని పెట్టలేదు. సర్దార్‌గ నేను ఆ బాయిలోకి షిఫ్టును దింపనే దింపను.

కరుణాకర్‌కు ఆయన పేరు మీద వేరే తాళం చేసి ఇచ్చిన.

ఆయన నమ్మలేదు. "రేపు నాకు కోపమొచ్చి పీకితే?" అన్నడు.

"పీకు. ముందు కూత విని, తర్వాత పీకు," అన్న.

మాఫ్ చేసిన అనుకోకు. మైకులో అన్న మాటను మైకులోనే వాపసు తీసుకోవాలె. వచ్చే మే డే దాకా ఆయనకు గడువు ఇచ్చిన. ప్రొఫెసర్‌కు అయితే గడువు కూడ లేదు. మన మాటలు, చెప్పినోళ్ల పేర్లు, ఎప్పుడు చెప్పిండ్రో అన్నీ ఇప్పుడు వాళ్ల గొంతులతో సైటు మీద నిలబడి ఉన్నయి. ఎవరు ఎవరి దగ్గర తీసుకున్నరో చూసేటోళ్లు చూస్తరు.

నిన్న పొద్దున ఆఫీసుకు పోతే పాత నోటీసు లేదు. దాని కాడ కొత్తది అతికించి ఉన్నది. నీకోసం రాసి తెచ్చిన, చదువు: "బాయి మాట నడుస్తున్నది. బొగ్గుబాయి మాటలు తెలిసినవారు వచ్చి చెప్పగలరు. చెప్పేది రాజయ్యకు కాదు, నేరుగా గట్టయ్య సాబ్‌కు." కింద సంతకం, గీత, చుక్కలు. రాజయ్య దాన్ని చదివి, "బతికిన" అన్నడు. ఇప్పటికే ఇద్దరు ముసలోళ్లు వచ్చి పోయిండ్రు. ఒకాయన దగ్గర గుర్రాలు టబ్బులు గుంజిన కాలపు మాటలు ఉన్నయట, వాళ్ల బాపు చెప్పినవి. నువ్వు వస్తే పోదాం. నాకు ముసలోళ్లు సరిగ్గ చెప్పరు, నీకు చెప్తరు. అక్కడ కూడ ఊరికె కూసోకు. చంద్రపూర్ బొగ్గు పనోళ్లు కూతను ఏమంటరో, తట్టను ఏమంటరో వియ్యపురాలిని వెంట పెట్టుకొని కనుక్కో. గిన్నె తీసుకుపో.

ఈ ఉత్తరం అయిపోంగనే సాగర్ ఫోన్ తీసుకొని కూత మీద నొక్కు. పిల్లగాని చెవి పక్కన పెట్టు. వాడు లేవడు, కర్ణుని తీరుగనే దుప్పటి గుంజుకుంటడు, ఫికర్ చేయకు. నీకు వినపడదని తెలుసు. నిఖిత మొఖం దిక్కు చూడు. ఆమె నవ్వినప్పుడు, నీ నవ్వు వచ్చిందని తెలుసుకో.

జ్యోతిరాణి రొట్టెలు వచ్చినయి. ఆపుతున్న.

ఇట్లు,
నిఖిత బాపు,
ఇప్పుడు చిన్నోని తాత కూడ,
గట్టయ్య